వంక నీరు, పట్టా గట్టు
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



కుందుర్పి ప్రాంతమున చేపలు పట్టుటను గూర్చి ప్రసంగమనగానే కొందఱి పెదవులపై చిఱునవ్వు మెదలుట సహజము. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వర్షము కురియు అనంతపురము జిల్లాలో, అందును కన్నడ సరిహద్దు నానుకొనియున్న ఈ రాతి మెట్టపై, బిందెడు త్రాగునీటికై క్రోసులు నడచిన తల్లులున్న ఊళ్ళలో, చేపల ముచ్చట యెందులకని వారి సందేహము. అయినను ఈ మండలములోనే బెస్తరపల్లి యను గ్రామము గలదు. కన్నడపు పలుకుబడిలో ఆ పేరునకు బెస్తలయొక్క పల్లె యని యర్థము. బెస్తలు వల వేయుటతోపాటు పూర్వము పల్లకీలు మోయుటయు వృత్తిగా గలవారు గనుక, ఆ పేరు నీటివలన వచ్చెనో బోయీలవలన వచ్చెనో యని తర్కించువారు తర్కింపవచ్చును. ఎటులైనను వల పట్టిన చేతులు ఈ సీమకు క్రొత్త కావు.

నిజమునకు నీరు నిత్యమై పాఱు డెల్టాలోని చేపల తగవుకంటె, ఏండ్ల తరబడి యెండి యొకమాఱు చెరువు మఱువ పాఱు సీమలోని తగవే చిక్కైనది. గోదావరి కాలువ ప్రక్క ఊరిలో ఎవరు ఏ దారిని నీటికి దిగుదురో, ఎక్కడ వల వేయుదురో పసివానికిని తెలియును. దినదినము జరుగు పని గనుక అందఱి జ్ఞప్తిలోను ఉండును. కఱవుసీమలో అట్లు కాదు. వంక యెండి ఆఱేడేండ్లగును. వంకకు పోవు బాటమీద జిల్లేడు మొలచును. ప్రక్క పొలము రైతు ఏటేట ఒక్కొక్క సాలు ముందునకు దున్నుకొని వచ్చును. పాతబాట తెలిసిన ముసలివాడు కాలము చేయును. అంతలో ఒక ఆశ్వయుజమున ఎగువను కుంభవృష్టి కురిసి వంక గట్టు లొరసికొని పాఱును. చేప యెదురెక్కి వచ్చును. ఊరి పిల్లలు, కూలివారు, పొరుగూరివారు గాలములతో, విసురువలలతో, పాతచీరలతో పరుగెత్తుదురు. బాట యున్నచోట చెనక్కాయ పైరుండును. ఆ పూట మొదలైన తగవు చేపలు తిని యఱిగిన తరువాతను సమసిపోదు.

ఇది యూహ కాదనుటకు వేదవతియే సాక్షి. ఎగువను మారికణివె కడ గట్టిన వాణీవిలాస సాగరము 1933లో నొకమాఱు నిండి పొర్లినది; మరల పొర్లుట 2022 సెప్టెంబరులో. నడుమ 89 సంవత్సరములు. ఆ పొర్లిన నీరు దిగువను భైరవానితిప్ప జలాశయమునకు చేరునదే. మొదటి పొంగును కన్నులార చూచిన పిల్లలలో రెండవ పొంగునకు బ్రదికియున్నవారెందఱు? ఏటికి బాట యెక్కడ, ఏటి గట్టు ఎంతవఱకు, ఏది పట్టా ఏది పొరంబోకు అను సంగతులను అన్నేండ్లు నోటిమాటగా నిలుపుకొనుట ఏ ఊరికిని సాధ్యము కాదు.

చేపపై హక్కు ఎవరిదను ప్రశ్న బహు పురాతనమైనది. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున సేతువులలోని, అనగా కట్టలు గట్టి నిలిపిన జలములలోని, చేపలపైనను పడవలపైనను రాజునకే స్వామ్యమని విధించెను. తమిళదేశపు శాసనములలో చెరువు చేపల గుత్తకు పాశిపాట్టమను పేరు గలదు. ఆ రాబడితో చెరువు పూడిక తీయించినట్లు దాఖలాలున్నవి. అనగా చెరువులోని చేప చెరువునకే కూలి యిచ్చినదన్నమాట. రాయలసీమలో చెరువును బాగుచేయువారికి దశబంధ మాన్యములు ఇచ్చు ఆచారముండెను గాని, చేపను మాత్రము పెద్దగా లెక్కలోనికి తెచ్చినట్లు కానరాదు. ఇక వేడుకకై చేపలు పట్టుట విషయమున, 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదమని యొక ప్రకరణమే గలదు. గాలము, దారము, కఱ్ఱ, ఏ చేప కే యెఱ యను సంగతులెల్ల అందు వివరింపబడినవి. రాజు గాలము వేయునపుడు ఈ గట్టు ఎవరిదని యడుగువాడుండడు గనుక, బాట సంగతి ఆ గ్రంథమున కక్కఱ లేకపోయినది. సామాన్యునకు ఆ యక్కఱ గలదు.

1800లో నిజాము ఈ దత్తమండలములను ఇంగ్లీషు కుంపిణీకి అప్పగించిన తరువాత, 1807 వఱకు కలెక్టరుగా నుండిన తామస్ మన్రో కాలమున రైతువారీ పద్ధతికి పునాది పడినది. ప్రతి రైతునకు తన పొలము, తన హద్దు, తన శిస్తు ఏర్పడినవి. తరువాతి సర్వేలలో హద్దురాళ్ళు పాతబడి, పెద్ద వంకలు, చెరువులు, బండిబాటలు పొరంబోకుగా వేఱు నంబర్ల క్రింద చూపబడినవి. చిన్న పాయలు మాత్రము పలుచోట్ల పట్టా భూముల నడుమనే గీతలుగా మిగిలినవి. నేటి తగవులలో పెక్కింటికి మూలమీ భేదమే. ఒకే వంక పైభాగమున పట్టాలోను, క్రిందిభాగమున పొరంబోకులోను ఉండవచ్చును. చేప కా సంగతి తెలియదు, గాలమువానికి తెలియవలెను.

కావున చేపకై బయలుదేరువాడు మూడు ప్రశ్నలను వేర్వేఱుగా అడుగుకొనవలసియున్నది. నేల యెవరిది? నీరెవరిది? చేప యెవరిది? ఈ మూడింటికిని ఒకే జవాబని తలచుటవలననే గొడవలు పుట్టుచున్నవి.

నేలమాట కెల్ల చట్టము వాచకమే ఆధారము. 1905లో మదరాసు రాజధానిలో చేయబడిన భూ ఆక్రమణల చట్టము, జమీందారులు మొదలగువారికి గల హక్కులు పోగా, నదుల, ఏళ్ళ, వాగుల, చెరువుల గర్భములును, నిలిచిన నీరును, పాఱు నీరును ప్రభుత్వపు సొత్తని తేల్చినది. బాటలును అట్టివే. పొరంబోకు వంకలోనికి దిగువానిని ప్రక్కపొలము రైతు పొమ్మనుటకు వీలులేదు. కాని వంక పొరంబోకైనంత మాత్రమున వంకకు చేరుటకు నడుమనున్న పట్టా పొలము బాట కానేరదు. ఈ రెండవ మాటను మఱచువారే యెక్కువ.

అమెరికాలో మోంటానా యను రాష్ట్రము 1985లో ఒక చట్టము చేసినది. అచ్చటి ఏళ్ళలో సాధారణపు వఱద గుఱుతు వఱకు ఎవరైనను తిరుగవచ్చును, చేపలు పట్టవచ్చును; గట్టు ఎవరిదైనను సరే. అయినను ఏటికి చేరుటకై పరుల పొలము త్రొక్కు హక్కును మాత్రము ఆ చట్టమీయలేదు. వంతెన కడనో, సర్కారు భూమిలోనో దిగి, నీటివెంట నడచిపోవలసినదే. స్కాట్లండు 2003లో చేసిన చట్టము దీనికి తలక్రిందు. కొండలు, గుట్టలు, బీళ్ళు, గట్లు అందఱును మర్యాదగా నడచుటకు అర్హమే. చేపలు పట్టుట మాత్రము ఆ హక్కులో చేరదు. ఒకచోట నీరు తెఱచి నేల మూసిరి. మఱియొకచోట నేల తెఱచి చేపను మూసిరి. ఈ రెండు చట్టములలో ఏదియు రెండింటిని బొత్తిగా తెఱవలేదు.

ఈ దేశమున 1882 నాటి సుఖానుభవ హక్కుల చట్టమొకటి గలదు. ఒకని యింటికిని పొలమునకును చెందిన హక్కుగా, మఱియొకని చెరువునుండి నీటినో చేపలనో ఇంటి వాడుకకు తెచ్చుకొనుట యను ఉదాహరణమే ఆ చట్టమున నున్నది. 20 ఏండ్లు బహిరంగముగా, అడ్డులేక, హక్కుగా అనుభవించినచో అది స్థిరపడును. ప్రభుత్వపు భూమిపై 30 ఏండ్లు కావలయును. 'హక్కుగా' అనుమాటయే యిందు కీలకము. రైతు దయతో పొమ్మన్నందున పోయిన బాట అనుమతియే గాని హక్కు కాదు. అట్టి అనుమతిని సాధారణముగా ఎప్పుడైనను మఱలించుకొనవచ్చును. కఱవుసీమవాని చిక్కు ఇక్కడనే యున్నది. నీరే ఏండ్లతరబడి లేనిచోట ఎడతెగని యనుభవమును ఋజువు చేయుటెట్లు?

అదే చట్టము హక్కుగలవానికిని కళ్ళెము వేసినది. హక్కును అవతలివానికి వీలైనంత తక్కువ బాధ కలుగునట్లు వాడుకొనవలెనని శాసించి, బాటహక్కు గలవాడు బాట మొదటనో చివరనో ప్రవేశింపవలెను గాని నడుమ నెక్కడనో చొరబడరాదని ఉదాహరించినది. ఈ యొక్క వాక్యమును తెలిసి నడచుకొన్నచో చెనక్కాయ పైరు సగము బ్రదుకును. ఊడలు దిగి నేలలో కాయ కట్టు దినములలో చెట్టును త్రొక్కినచో, పైకి ఆకు పచ్చగనే యుండును, క్రిందనే నష్టము. చేపలవాడు "ఏమియు చెడలేదే" యని నిజాయితీగానే పలుకును. రైతునకు తెలియును.

చేప సంగతికి వచ్చినచో, 1897 నాటి మత్స్యచట్టము ప్రైవేటు జలమును నిర్వచించినది. ఒకని ప్రత్యేకపు సొత్తయిన నీరును, యజమానిగానో గుత్తదారుగానో ఒకనికి చేపలు పట్టుకొను ప్రత్యేకహక్కు గల నీరును ప్రైవేటు జలమే. ఆచారమువలన ఇతరులకు అందు చేపలు పట్టు హక్కున్నంత మాత్రమున అది ప్రైవేటు కాకపోదని గూడ వివరణ యిచ్చినది. ఇక దొంగతనము మాట. నలువైపుల మూసిన గుంటలోని చేప గుంటవాని స్వాధీనమున నున్నట్లే, పట్టినది దొంగతనమగును. తెఱపిగానున్న సాగుచెరువులో స్వేచ్ఛగా తిరుగు చేప ఎవరి స్వాధీనమునను లేదని మదరాసు హైకోర్టు గత శతాబ్ది ఆరంభముననే తీర్పు చెప్పియున్నది. అయినంత మాత్రమున గుత్త మాయమైపోదు. నేరము కానిదెల్ల న్యాయము కాదు. సివిలు కోర్టులో గుత్తదారునకు నష్టపరిహారపు దారి యుండనే యున్నది.

అతిక్రమ ప్రవేశమును గూర్చి రైతులలో ఒక భ్రమ గలదు. పొలములో కాలుపెట్టినవాని నెల్ల పోలీసులు పట్టుకొని పోవలెనని వారి కోరిక. శిక్షాస్మృతిలో నేరమగుటకు, నేరము చేయుటకో, భయపెట్టుటకో, అవమానించుటకో, చికాకు పఱచుటకో వచ్చియుండవలెను; లేదా అట్టి యుద్దేశముతో కదలక నిలిచియుండవలెను. 1860 నాటి స్మృతిలో దానికి మూడు మాసముల శిక్షయో 500 రూపాయల జరిమానాయో ఉండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో మూడు మాసములు అట్లేయుండి జరిమానా 5,000 రూపాయల వఱకు పెరిగినది. దారి తెలియక వచ్చినవాడు నేరస్థుడు కాడు. పొమ్మన్నను పోక యెదురుతిరుగువాని సంగతి వేఱు. పశువు పొలమున బడినచో తోలుటకు 1871 చట్టము బందెలదొడ్డిని చూపినది. మనిషికి అట్టి దొడ్డి లేదు గనుక నోటిమాటతోనే సరిపెట్టుకొనవలసియున్నది.

ఆ నోటిమాట యెట్లుండవలెను? గట్టుమీద నిలిచి పొలములోని మనిషిని కేకవేసి, "అన్నా, వంక తట్టుకు పోవాల. ఈ గట్టు మింద పోదునా?" అని యడుగుట చాలును. "పోప్పా, చెట్టు తొక్కాకు. కంప మళ్ళా వేసిపో" అని జవాబు వచ్చును. పదునైదు మాటలు లేవు. ఇందులో అడుగుటయు, ఇచ్చుటయు, షరతును ఉన్నవి. పొలములో ఎవ్వరును లేనప్పుడు అడిగినట్లే భావించుకొని పోవువారు కొందఱు గలరు. అట్టి తఱి చుట్టు తిరిగి బండిబాటన పోవుటయే తగును; అరగంట ఆలస్యమైనను చేప యెక్కడికిని పోదు.

గట్టుపై ఒకరి వెనుక నొకరుగ నడువవలెను. తడిసిన గట్టుపై పదిమంది గుంపుగా నడచినచో గట్టు జాఱును. జాఱిన గట్టు మఱునాటి వానకు తెగును. తీసిన ముళ్ళకంపను తీసినచోటనే మరల పెట్టకపోయిన, చేపలవాడు ఇల్లు చేరులోపల గొఱ్ఱెలమంద పైరులో నుండును. బిందుసేద్యపు గొట్టములు నేలకంటియుండును. వానిపై సైకిలు నడిపినచో రైతు ఆ రంధ్రమును వారమునకు గాని కనుగొనలేడు. తెగిన గాలపు దారమును, ముల్లును గట్టున విడిచిపోరాదు. ఆవు కాలికి చుట్టుకొన్న దారము మాంసములోనికి దిగును. మేతతో నాలుక కెక్కిన ముల్లు సంగతి చెప్పనక్కఱలేదు. మోటారు గది నీడకై తాళములేని తలుపు త్రోయరాదు. పట్టిన చేపలలో ఒకటి రైతునకిచ్చుట మర్యాద. తినని యింటివాడైనచో ఆ ప్రసక్తియే తేరాదు. ఆ చేప బాటకు వెల యని మాత్రము ఇద్దఱిలో ఎవరును తలపరాదు.

రైతు మర్యాదయు కొంత గలదు. దానిని గూర్చి మాటలాడువారు తక్కువ. తన హద్దురాయిని దాటి వంకలోనికి కంచె జరిపి, ఆ మీదట వచ్చినవానిని అతిక్రమించితివని గద్దించుట న్యాయము కాదు. గ్రామపు చెరువులను, ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగింపవలెనని 2011 జనవరి 28న పంజాబులోని యొక గ్రామపు చెరువు వ్యాజ్యెమున సుప్రీంకోర్టు రాష్ట్రములన్నింటికిని ఆదేశమిచ్చినది. కంచె లోపల నున్నదెల్ల తనదే యను నమ్మకము తండ్రినుండి కొడుకునకు పొలముతోపాటు వచ్చుచున్నది గాని, కాగితము మాత్రము రాదు.

ఇంతకంటె బరువైన మాట యొకటి యున్నది. ఒకే గట్టుమీద ఒకనిని "పోప్పా" యని, మఱియొకనిని "ఏ కులపోడివిరా" యని అడుగు ఊళ్ళు ఈ దేశమున లేకపోలేదు. చెరువు గట్టునకు చేరుట యనునది చేపకంటె ముందు దాహమునకు సంబంధించిన హక్కు. 1927 మార్చి 20న మహారాష్ట్రమందలి మహాడ్ పట్టణమున డాక్టరు అంబేడ్కరు వేలమందితో నడచి చవదార్ చెరువు నీటిని దోసిట బట్టి త్రాగెను. ఆ చెరువుపై వ్యాజ్యెము బొంబాయి హైకోర్టులో తేలుటకు 1937 వచ్చినది. ప్రభుత్వ ధనముతో నడచునవి, ప్రజోపయోగమునకు అంకితమైనవి యగు బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు ఏ కులమువానికిని నిషిద్ధము కారాదని రాజ్యాంగపు 15వ అధికరణము చెప్పుచున్నది. ఏటికి, వాగునకు, ఊటకు, చెరువునకు పోనీయకుండుటను 1955 నాటి చట్టము నేరముగా నెన్నినది. కావున పైరు త్రొక్కవద్దనుటకు రైతునకు పూర్తి యధికారము గలదు. ఆ మాటను కొందఱితోనే యనుటకు లేదు. గట్టు అందఱికిని గట్టుగానో, అందఱికిని బాటగానో ఉండవలెను.

గుత్తదారుని విషయము కొంత చెప్పవలసియున్నది. చిన్న చెరువుల చేపలపాట పంచాయతీలకు రాబడి. పెద్దవానిలో మత్స్యశాఖ ద్వారా మత్స్యకారుల సహకార సంఘములకు అవకాశమిచ్చుట పరిపాటి. పాట పాడినవాడు అప్పు తెచ్చి బొచ్చె, రోహు, మృగాల పిల్లలను వదలును. వాన కురియకున్న పిల్లలును పోవును, అప్పును నిలుచును. కావున గుత్తచెరువులో గాలము వేయుట వేడుక యని నవ్వుట సులభము, అతనికది దోపిడి. అయితే అతడు పాడుకొన్నది చేపను. పశువులు నీరు త్రాగుటనో, ఆడవారు బట్ట లుదుకుటనో, కట్టమీది నడకనో ఆపుటకు పాట పాడలేదు. మఱువ దాటి వంకలో పడిన చేపపైనను అతనికి పట్టు చిక్కదు. ఈ భయముచేతనే కొందఱు మఱువకడ్డముగ సన్నని వల కట్టుదురు. వఱదతో వచ్చు కంపయు, చెత్తయు ఆ వలకు తట్టుకొని నీరు వెనుకకెక్కినచో కట్టకే ముప్పు. నాలుగు బుట్టల చేపలకై ఆయకట్టునంతటిని పందెమొడ్డుట యిది. చేపలు గుమిగూడునని తూమెత్తి విడిచెడి కుఱ్ఱవాండ్ర తప్పును దీనికి తీసిపోదు.

విషము, మందుగుండు, కరెంటు అను మూడింటికిని మర్యాదతో సంబంధము లేదు, అవి నేరములే. 1897 చట్టము పేలుడుమందునకును, విషమునకును రెండు మాసముల కారాగారమో రెండువందల రూపాయల జరిమానాయో విధించినది. నాటి రెండువందలు సామాన్యుని కొంప ముంచు మొత్తము. మడుగులో పురుగుమందు కలిపినచో అడుగునున్న పరిగెపిల్ల మొదలు సాయంకాలము నీటికి వచ్చు గొఱ్ఱెవఱకు చచ్చును. మోటారు తీగనుండి నీటిలోనికి కరెంటు వదలువాడు చేపతోపాటు తానును అదే నీటిలో నిలిచియుండుట మఱచును.

ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై తేలుచుండగా, క్రింద తల్లిదండ్రులైన కొరమీనులు కావలియుండును. ఆ తఱి గాలము వేసిన వెంటనే చిక్కును, కోపముతో మీదికి వచ్చును గనుక. తెలిసినవాడు దానిని వదలిపెట్టును. ఆ కొరమీనే చెరువెండిన తరువాత తడిమట్టిలో దాగి కొంతకాలము బ్రదుకును. కావుననే యెండిన చెరువులో గూడ పారలతో త్రవ్వువారు కానవత్తురు. అప్పుడు చెరువు గర్భమున దోసయో పుచ్చయో వేసుకొన్నవానితో మరల మొదటి తగవే.

బాటల తగవు తీర్చుకొనుటకు అనువైన కాలము వంక పొంగిన దినము కాదు. ఎండకాలమున, వంక యిసుకగా నుండి, జిల్లేడు వాడి, హద్దురాళ్ళు కంటికి కనబడు దినములలో గ్రామపటమును చేతబట్టుకొని ఇరుప్రక్కల రైతులును, బెస్తలును, కూలివారును ఒక్క యుదయము నడచినచో ఏది పొరంబోకో, ఏది పట్టాయో తేలిపోవును. ఆ పటము తహశీలుదారు కచేరిలోనే యుండనక్కఱలేదు. దాని నకలొకటి గ్రంథాలయపు గోడపై, చదువురానివారును వ్రేలు పెట్టి చూపగలిగిన యెత్తున తగిలింపవచ్చును. వంకలను నీలి సిరాతోను, బాటలను ఎఱ్ఱ సిరాతోను దిద్దవచ్చును. మృగశిర కార్తెకు ముందు ఆ పని ముగియవలయును.